కుట్టుపని మహిళల సంఘం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. నెలవారీ సమావేశాలు, కొత్త సభ్యత్వాలు, మగ్గం వర్క్ తరగతి వివరాలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, చూసుకోవచ్చు. ఇక్కడ ఎక్కువ చోటు ఫోటో పనికే ఇస్తున్నాం. ఈ ఏడాది సంఘం గట్టిగా చెప్పుకోగలిగింది అదే.

కుట్టు బాగుండీ ఫోటో బాగోక ఆర్డరు జారిపోవడం, ‘ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు’ అని బ్లౌజు వెనక్కి రావడం మనకు కొత్త కాదు. అందుకే హాల్లో ఒక రోజంతా కూర్చుని, హార్డ్‌వేర్ షాపు సామానుతోనే ఫోటో ఫ్రేము కట్టాం. అంటే ఫోనును పైన బిగించి, కింద పరిచిన బ్లౌజును ఫోటో తీసే స్టాండు. కొలతలు ఇప్పటికీ ఫోను చేసి అడుగుతున్నారు కాబట్టి రాసేస్తున్నాం, దాచుకోండి.

ముప్పావు అంగుళం పీవీసీ పైపు, 20 అడుగులది ఒకటి చాలు. నిలువు కాళ్లకు మూడున్నర అడుగులవి రెండు, అడ్డానికి 4 అడుగులది ఒకటి, పాదాలకు అడుగువి నాలుగు కోయాలి. అంతా కలిపి 15 అడుగులు, మిగిలిన 5 అడుగులు కోత తప్పులకు. అడ్డపైపును కాళ్లకు కలిపే ఎల్బోలు (మూల మలుపు ముక్కలు) రెండు, టీలు (మూడు మూతుల ముక్కలు) రెండు, పైపు చివర మూసే ఎండ్ క్యాపులు నాలుగు కావాలి. టీ నడిమి మూతిలో నిలువు కాలు, అటూ ఇటూ పాదాలు. పాదాల్లో పొడి ఇసుక నింపి క్యాపులు బిగిస్తే ఫ్రేము ఒరగదు. పైపులు అంటించే సొల్యూషన్ పూయకండి, విడదీసి మూల పెట్టుకునే వీలు పోతుంది. ఫోను బరువుకు అడ్డపైపు నడుమ కుంగుతుంది. అందులోకి వెదురు కర్ర దూర్చాక ఆ బెడద తీరింది. మొబైల్ హోల్డరును పైపు నడుమ కట్టి, ఫోను పొడవు పైపుకు అడ్డంగా ఉండేలా పెట్టాలి. పైపు వెంబడి పెడితే ఫ్రేము కాళ్లు ఫోటోలో పడతాయి. బ్లౌజును కింద, ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి మీద పరచాలి. ఫోను నేలకు సమంగా లేకపోతే మెడ ఒక పక్క సాగినట్టు కనిపించి, కట్టింగే తప్పనుకుంటారు. బటన్ నొక్కితే ఫోను కదులుతుంది కాబట్టి 3 సెకన్ల టైమరు పెట్టుకోండి.

వెలుతురు కిటికీదే మేలు. ఎండ నేరుగా పడే కిటికీ అయితే పలుచని తెల్ల మల్ గుడ్డ ఒక పొర కట్టాలి. కిటికీకి ఎదురుపక్క థర్మోకోల్ షీటు నిలబెడితే నీడ పక్క కూడా తేరుకుంటుంది. ట్యూబ్‌లైటు, బల్బు ఆపేయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే ఒక భుజం నీలంగా, ఒక భుజం పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత యాప్‌లో సరిచేయడం కష్టం. తెల్ల దుప్పటి ఎక్కువగా కనిపిస్తే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తాన్ని మసకబారుస్తుంది. నల్ల వెల్వెట్టయితే దీనికి తిరగేసి, బూడిద రంగుకు లేపుతుంది. బట్ట మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, సూర్యుడి గుర్తును తెలుపుకైతే పైకి, నలుపుకైతే కిందికి జరపండి.

జరీకీ మగ్గం వర్క్‌కీ ఫ్లాష్ శత్రువు. జరీ తెల్ల మచ్చలైపోతుంది, పూసల ఎత్తు తెలియదు. పక్క నుంచి, కిందుగా పడే వెలుతురులో ప్రతి పూసకీ చిన్న నీడ వస్తుంది, పనితనం అక్కడ కనిపిస్తుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న డబుల్ షేడ్ పట్టుకు రెండు కోణాల్లో రెండు ఫోటోలు పంపితే తర్వాత తగాదా ఉండదు. రాణీ పింక్, వంగపండు రంగులు ఫోనుకు సరిగా అందవు. పక్కన తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో తీసి, కాగితం తెల్లగా కనిపించేదాకా రంగు సరిచేసి, అదే సవరణ మిగతా ఫోటోలకూ చేయాలి.

ఆ రోజే చిన్న పనిముట్లు కూడా చేశాం. పెద్ద కోను దారానికి స్టాండు: హ్యాంగరు తీగను వంచి, దారం దూరే కన్ను సరిగ్గా కోను నడినెత్తిన వచ్చేలా నిలబెట్టాలి. పక్కకు ఒరిగితే దారం అంచుకు తట్టుకుని తెగుతుంది. జారిపోయే జార్జెట్ కోసేటప్పుడు బరువుకు పెద్ద వాషర్లు బాగుంటాయి కానీ గుడ్డ చుట్టకుండా వాడితే తుప్పు మరక పడుతుంది. పాత స్పీకరు అయస్కాంతాన్ని స్టీలు సాసరు అడుగున అంటిస్తే గుండుసూదులు చెదరవు. వంపు తిరిగే ప్రిన్సెస్ కట్ కుట్టు మీద ఇస్త్రీకి కొబ్బరిబోండం ఆకారంలో దిండు కుట్టి, రంపపు పొట్టు కూరాం. పొట్టు ఎండలో బాగా ఆరాలి, గుడ్డ రెండు పొరలుండాలి, లేకపోతే ఆవిరికి రంగు దిగుతుంది. అరిగిన సబ్బు ముక్కతో గీత గీయడం కాటనుకు సరే. పట్టు మీద మాత్రం వద్దు, పైన ఇస్త్రీ పడితే మరక నిలిచిపోతుంది.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది. పైపులకూ ఫిట్టింగులకూ అయిన ఖర్చు ‘ఇతరములు’ కింద చూపాం. సందేహాలుంటే కోశాధికారి గారిని సమావేశానికి ముందే అడగండి.

చెప్పక తప్పని మాట ఒకటుంది. పైపులు కోసే పనికి పేర్లిచ్చినవాళ్లలో సగం మంది రాలేదు. వచ్చినవాళ్లే కోసి, కట్టి, హాలు ఊడ్చి వెళ్లారు. రానివాళ్లే తర్వాత ముందుగా ఫ్రేము అడిగారు. శిక్షణకు మిషన్లు ఇప్పిస్తామన్న ఆఫీసు చుట్టూ ఏడాదంతా తిరిగాం. దరఖాస్తు మూడుసార్లు ఇచ్చాం, మూడుసార్లూ ‘పై నుంచి రావాలి’ అనే జవాబే.

హాలు అద్దె లేకుండా ఇచ్చిన పెద్దలకు, రంపం తెచ్చి కోత నేర్పిన ప్లంబరు అన్నయ్యకు, మధ్యాహ్నం పులిహోర వండిన అక్కచెల్లెళ్లకు, ఓపిగ్గా బ్లౌజులు ఇస్త్రీ చేసి అందించిన పిల్లలకు, థర్మోకోల్ ఉచితంగా ఇచ్చిన షాపువారికి, మా పోరు పడలేక సలహాలిచ్చిన ఫోటో స్టూడియో తమ్ముడికి సంఘం తరఫున ధన్యవాదాలు.

ఫ్రేము ఇంటికి తీసుకెళ్లినవారు వారంలోగా తిరిగివ్వాలి. నాలుగు ఎండ్ క్యాపులూ లెక్కచూసి ఇవ్వండి, ఇప్పటికే రెండు కొత్తవి కొన్నాం.

ఇట్లు,
కార్యదర్శి