మా నాన్నగారిని బతికించిన అందరికీ

అందరికీ నమస్కారమండి. నాన్నగారు ఇంటికొచ్చేశారు. ఫోన్లు చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అంబాజీపేట దగ్గర కొబ్బరి ఒలుపులో గునపం మొన పిక్కకి గీరుకుంది. రక్తం కూడా పెద్దగా రాలేదు. మర్నాటి రాత్రికి చలిజ్వరం, వాంతులు, కాలు ముట్టుకోనివ్వరు. పైకి చూస్తే కాస్త ఎరుపు, అంతే. విషప్పురుగు ముట్టిందని, పసరు వేయించమని చెప్పినవాళ్ళూ ఉన్నారు. అమలాపురంలో డ్యూటీ నర్సమ్మగారు ఎరుపు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీశారు. గంట తిరక్కుండానే ఎరుపు గీత దాటేసింది. "ఇంత గాయానికి అంత నొప్పేంటి బాబూ, బీపీ కూడా పడిపోతోంది, కాకినాడ తీసుకెళ్ళిపో" అన్నారు. మొదటి దణ్ణం ఆవిడకే.

రెండోది, అర్ధరాత్రి ఎదుర్లంక వంతెన మీదుగా కారు తోలిన పక్కింటి బాబాయిగారికి. డీజిల్ డబ్బులివ్వబోతే తిట్టారు.

జబ్బు పేరు టాక్సిక్ షాక్ సిండ్రోమ్. గొంతునొప్పి తెప్పించే గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే క్రిమే కారణం, రక్తం కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) పెరిగింది. మామూలుగా ఒక క్రిమి మీదికి మన టి కణాల్లో (క్రిములతో పోరాడే తెల్లరక్తకణాల్లో) ఏ కొద్దో లేస్తాయట. దీని విషం ఐదో వంతు దాకా ఒక్కసారే లేపేస్తుంది. ఒక్క దొంగ కోసం ఊరంతా కర్రలతో లేచి వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నట్టు. క్రిమిని చంపడానికి పెన్సిలిన్, విషం తయారీ ఆపడానికి క్లిండామైసిన్, రెండూ పెట్టారు. సర్జన్‌గారు వెంటనే కుళ్ళిన కండ తీసేశారు. ఆయన ఆలస్యం చేసుంటే కాలుతో పోయేది కాదు.

ఆ విషాన్ని అడ్డుకునే యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబ్యులిన్ కాకినాడలో దొరక్కపోతే, మందులషాపు తమ్ముళ్ళు రాజమండ్రి నుంచి ఐస్‌బాక్సులో తెచ్చారు. వెయ్యి మందికి పైగా దాతల రక్తంలోని ప్లాస్మా కలిపి చేస్తారట ఆ మందు. వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో! వాళ్ళకీ దణ్ణం.

"నెట్‌లో ఆడవాళ్ళ జబ్బని ఉందే" అని కొందరు అడిగారు. 1980లో అమెరికాలో టాంపాన్ల (నెలసరప్పుడు లోపల పెట్టుకునే దూది చుట్టల) వల్ల ఎక్కువమందికి వచ్చింది గనక ఆడవాళ్ళ జబ్బని పేరు పడింది. అది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే ఇంకో క్రిమి పని. అసలు 1978లో డాక్టర్ జేమ్స్ టాడ్ ఈ జబ్బుకి పేరు పెట్టింది పిల్లల్లో చూసి, వాళ్ళలో మగపిల్లలూ ఉన్నారు. గాయం, కాలిన పుండు, ఆపరేషన్ కుట్లు, దేన్నుంచైనా రావచ్చు.

డ్రెస్సింగులు ఇంకా నడుస్తున్నాయి. చేబదులిచ్చినవాళ్ళకి ఈ కొబ్బరి దింపు డబ్బులు రాగానే ఇచ్చేస్తాను. అప్పటి కంగారులో ఎవరి పేరైనా రాసుకోకపోయి ఉంటే మొహమాటపడకుండా ఫోన్ చెయ్యండి.