మెస్సు బందు పెట్టిన చిట్టికి

చిత్తూరు,
ఆదివారం

చిట్టీ,

ఫోన్ ఎత్తవు. మెసేజికి నీలం గీతలు మాత్రం పడతాయి. అందుకే కాగితం మీద రాస్తున్నా. పీలేరు చిన్నాయన రేపు తిరుపతికి వస్తాడు, ఆయన సంచిలో చెనిక్కాయల పొడి, రాగిపిండి, నీ గళ్ళ దుప్పటి ఉంటాయి. ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకు మోకాలు నొప్పి అట్లే ఉంది. బెంగళూరా మామిడిచెట్టుకు ఈసారి కాపు తక్కువ, ఆ కొంచెమూ కోతుల పాలే. మీ నాయనకు నీ మీద ఏ బెంగా లేదంట. ఊరికే గంటకోసారి నా ఫోన్ తీసి చూస్తా ఉంటాడు.

మీ హాస్టల్లో మెస్సు బంద్ అని, ముందు వరసలో నువ్వే ఉన్నావని పూతలపట్టు అత్త చెప్పింది. నేను కంగారు పడలేదు. నీకు జ్వరమని, మూత్రంలో మంటని, పక్కగది అమ్మాయి దగ్గర మిగిలిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్నావని కూడా చెప్పింది. ఆ సంగతి తర్వాత రాస్తా.

ముందు నీ స్టేటస్. “ఒత్తిడి ఉన్నచోట ప్రతిఘటన పుడుతుంది. ఇదే సైన్సు, ఇదే చరిత్ర.” కింద కరెంటు తీగ, సూక్ష్మజీవి, పిడికిలి. మూడింట్లోనూ ఉండేదాన్ని ఇంగ్లీషులో రెసిస్టెన్స్ అనే అంటారని కలిపేశావు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. మాటే నిలవదు. ఆ మూడింట్లో రెండింటికి అది అసలు వర్తించదు.

బల్ల మీద ఊరికే పడున్న రాగితీగకు కూడా నిరోధం ఉంటుంది. పొడవు, మందం, ఏ లోహం, ఎంత వేడి, ఈ నాలుగే దాన్ని నిర్ణయిస్తాయి. ఓమ్ అనే శాస్త్రవేత్త 1827లో అచ్చువేసిన సూత్రం అదే: వేడి మారకుండా ఉంటే, వోల్టేజి రెట్టింపు చేస్తే కరెంటు రెట్టింపవుతుంది, నిరోధం ఉన్నంతే ఉంటుంది. ఒత్తిడికి అక్కడ కొత్తగా ఏదీ పుట్టదు. మాటలో మాట, మెస్సు మూస్తే మీరంతా గదుల్లో ఇండక్షన్ స్టవ్వులు పెట్టి ఉంటారు. 1500 వాట్ల స్టవ్వు 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. సన్నపిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు 6 ఆంపియర్లకే చేసింది. సాకెట్లో పిన్ను వదులై అక్కడ అర ఓమ్ (నిరోధం కొలతకూ ఆయన పేరే) నిరోధం చేరిందనుకో. కరెంటు వర్గాన్ని దాంతో గుణించు, 21 వాట్లు. అంత చిన్న చోట అంత వేడి పుడితే లోపలి పట్టీ మెత్తబడి పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. బ్రేకర్ పడిపోదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు కదా. పిన్ను నల్లబడినా, చేపల కంపు లాంటి వాసన వచ్చినా వెంటనే తీసెయ్యి. 16 ఆంపియర్ల లావుపిన్ను సాకెట్లోనే, నేరుగా పెట్టుకో. అంతకన్నా హాయిగా చిన్నాయన తెచ్చే పిండితో ఇంత సంగటి తినొచ్చు, ఎవరో ఒకరి గదిలో గ్యాసు ఉండే ఉంటుంది.

ఇక సూక్ష్మజీవి. మందు తగలగానే అది తిరగబడడం నేర్చుకుంటుందని నీ బొమ్మ చెప్తోంది. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించారు. వాళ్ళు వాడింది మందు కాదు, బాక్టీరియాను చంపే వైరస్. చాలా గొట్టాల్లో విడివిడిగా బాక్టీరియాను పెంచి, ఒక్కో గొట్టాన్నీ వైరస్ పూసిన ప్లేటు మీద పోశారు. వైరస్ తగిలాకే నిరోధకత, అంటే తట్టుకునే గుణం, వచ్చేదైతే అన్ని ప్లేట్లలో బతికినవి ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉండాలి. కొన్నిట్లో ఒక్కటీ లేదు, కొన్నిట్లో కుప్పలు. అంటే కొన్ని గొట్టాల్లో ఆ మార్పు ముందే వచ్చి పిల్లాపాపలతో పెరిగిపోయింది. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు మఖ్మల్ గుడ్డతో ఒక ప్లేటులోని కాలనీలను అచ్చుగుద్ది, స్ట్రెప్టోమైసిన్ అనే మందు ఉన్న ప్లేట్ల మీద దించారు. అక్కడ బతికినవాటి అసలు చోటు చూసుకొని, మందు ముఖం చూడని మొదటి ప్లేటులోంచే నిరోధక బాక్టీరియాను తీశారు. మందు ఏరుతుంది, అంతే. కడుపులో ఉన్న మంచి బాక్టీరియాలోనూ ఏరుతుంది, అవి ఆ జన్యువులను పక్కవాటికి అందిస్తాయి. అజిత్రోమైసిన్ ఒంట్లో రోజుల తరబడి కొంచెం కొంచెంగా మిగిలి ఉంటుంది, ఏరడానికి అది చాలు. పైగా మూత్రం ఇన్ఫెక్షనుకు వాడే మందు కాదది.

ఎన్ని రోజులు వాడాలో డాక్టరు చెప్పాలి. కొన్నిటికి 5 రోజులు చాలు, టీబీకి మామూలుగా 6 నెలలు. సొంతంగా మొదలుపెట్టడం, సొంతంగా మానడం, మిగిలినవి పంచుకోవడం, ఈ మూడూ వద్దు. (ఇట్ల రాస్తే లెక్చరంటావు. అను.)

రేపు పొద్దున డాక్టరుకు చూపించి, కొత్త మాత్ర వేసుకోకముందే మూత్రం కల్చరుకు ఇవ్వు, అంటే ల్యాబులో అందులోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు. కడుక్కొని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) డబ్బాలో పట్టు. మూత లోపలి వైపు తాకొద్దు. రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండలో సంచిలో తిప్పితే నీ ఇన్ఫెక్షనుతో సంబంధం లేని బాక్టీరియా లక్షలై కూర్చుంటుంది. అజిత్రోమైసిన్ మింగిన సంగతి దాచొద్దు, దానివల్ల అసలు బాక్టీరియా పెరగకపోవచ్చు. పెరిగితే దాన్ని ముల్లర్ హింటన్ అగార్ అనే జెల్లీ లాంటిదాని మీద మూడు వైపులా పూసి, మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచి, చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. అగార్ 4 మిల్లీమీటర్ల కన్నా మందంగా పోస్తే వలయం చిన్నదై పనిచేసే మందు కూడా పనిచెయ్యదన్నట్టు కనిపిస్తుంది. బాక్టీరియా పలచగా పూస్తే వలయం పెద్దదై దానికి తలకిందుల పొరపాటు. అందుకే కొలతలు చూసుకునే ల్యాబుకు పో, పక్కనే ఉందని పోవద్దు. నడుం పక్కన నొప్పి, చలి, వాంతి ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

మిగిలింది పిడికిలి. నీ స్టేటస్ చూడగానే నాకు చీరాల గుర్తొచ్చింది. 1919లో చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేశారు. చేనేత ఊరు. ఏడాదికి 4,000 రూపాయల దాకా ఉన్న పన్ను 40,000 అయింది. మున్సిపాలిటీ చాలా ఊళ్ళకు వచ్చింది, పన్నులూ వచ్చాయి. అన్ని ఊళ్ళూ చీరాల కాలేదు. అక్కడ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఉన్నాడు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు, రామదండు అని వాలంటీర్ల దళం ముందే కట్టుకున్నాడు. జనం పన్ను కట్టలేదు, కొందరు జైలుకు పోయారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వస్తే ఆయన రెండు దారులు చూపించాడు: శాంతంగా పన్ను నిరాకరించడం, లేదా ఊరే వదిలి మున్సిపాలిటీ హద్దు దాటి పోవడం. హద్దు దాటితే పన్నే ఉండదు. వీళ్ళు రెండోది ఎంచుకున్నారు. 15,000 చిల్లర జనంలో 13,000 మందికి పైగా ఎండాకాలంలో ఇళ్ళకు తాళాలేసి పోయి, రామనగర్ అని గుడిసెలు వేసుకున్నారు. చంటిపిల్లలు, ముసలివాళ్ళు, ఎండ, వాన, చలి. 11 నెలలు! చందాల కోసం పోయిన గోపాలకృష్ణయ్యను బరంపురంలో మాట్లాడొద్దన్న ఆజ్ఞ మీరాడని పట్టుకొని ఏడాది జైలుకు తిరుచిరాపల్లి పంపించారు. ఆయన లేడు, డబ్బులు లేవు, సర్కారు పట్టు వదల్లేదు. జనం మెల్లగా ఇళ్ళకు తిరిగొచ్చారు, మున్సిపాలిటీ ఉండిపోయింది.

ఓడిపోయారని రాయడం లేదు. ఆ 11 నెలలు ఒత్తిడికి వాటంతట అవి పుట్టలేదు, రోజూ పొద్దున 13,000 మంది ‘ఇంకో రోజు ఉందాం’ అనుకుంటేనే గడిచాయి. తీగ అట్లా అనుకోదు, బాక్టీరియా అనుకోదు. నీ స్టేటస్‌లో పిడికిలి పక్కన ఆ రెండు బొమ్మలు పెడితే చీరాల వాళ్ళ కష్టాన్ని తక్కువ చేసినట్టే.

అన్నంలో పురుగులొస్తే అడగాల్సిందే, వద్దనను. మీ కోరికలు కాగితం మీద రాసి ఇచ్చారా, రసీదు తీసుకున్నారా? ఊరికే ‘మంచి భోజనం’ అని కాకుండా బియ్యం రకం, నీళ్ళ ట్యాంకు ఎన్నాళ్ళకోసారి కడగాలి, లెక్కలు చూసే కమిటీలో మీవాళ్ళు ఎందరు అని రాయాలి. బందు రోజుల్లో వంట ఎవరిది, డబ్బు ఎవరి దగ్గర? నువ్వు జ్వరంతో పడుకుంటే వార్డెన్‌తో మాట్లాడేది ఎవరు? ఆ ఒక్కపేరు ఈ రోజే అనుకోండి. తినకుండా మాత్రం ముందు వరసలో నిలబడొద్దు, నీళ్ళు బాగా తాగు.

చిన్నాయన పదిగంటలకల్లా హాస్టలు గేటు దగ్గరుంటాడు. ల్యాబుకు ఆయన్ను తోడు తీసుకుపో, సిగ్గుపడకు, ఆయన బయటే కూర్చుంటాడు. రిపోర్టు రెండు మూడు రోజుల్లో వస్తుంది, ఫొటో నాకు పెట్టు. చెనిక్కాయల పొడి డబ్బా అవ్వది, ఖాళీ అయ్యాక పంపు, మూతతో సహా.

అమ్మ