ఉప్పల్ నుంచి వచ్చిన కండక్టర్ అన్నకి

నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి. మా ఆవిడ కడుపులో బిడ్డ బాగుంది. బిడ్డ మెదడు నాళంలో రక్తం వేగం మామూలుకొచ్చింది, బిడ్డ పొట్టలో చేరిన నీరు కూడా తగ్గుముఖం పట్టింది.

అందరూ అడుగుతున్నారు, ఒక్కసారే చెప్తున్నా. పిల్లలకి బుగ్గలు ఎర్రబడే జ్వరం తెచ్చే పార్వోవైరస్ బి19 ఇది. మా పెద్దోడికి బడిలో అంటుకుని ఇట్టే తగ్గిపోయింది. వాళ్లమ్మకి సోకింది మాత్రం మాయ దాటి, లోపలి బిడ్డ ఎముక మజ్జలో ఎర్రకణాల తయారీని ఆపేసింది. రక్తం వేగం ఉండాల్సినదానికి 1.5 రెట్లు దాటితే రక్తహీనత ఉన్నట్టే లెక్కట, మాది దాటింది. మందు లేదు. స్కాన్‌లో చూస్తూ, తల్లి పొట్ట మీదుగా సూది పంపి, బొడ్డుతాడు సిరలోకి రక్తం ఎక్కించాలి. అదీ ఓ నెగటివ్, తాజాది, రేడియేషన్ చేసింది, తల్లి రక్తంతో కుదిరేది.

ఈ రక్తం కావాలని పెట్టిన నా మెసేజ్ ఎన్ని ఫోన్లు తిరిగిందో, ఉప్పల్ వైపు డ్యూటీ చేసే కండక్టర్ ఒకాయనకి చేరింది. బస్సు దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చేశాడు. తిన్నావా అని బ్లడ్ బ్యాంకులో అడిగితే, డబ్బా తెరిచి పొద్దుటి పులిహోర నిలబడే తిన్నాడు. "ఎంత ఎక్కిస్తరు సార్, బుజ్జిగాడికో బుజ్జిదానికో?" అన్నాడు. 30, 40 ఎంఎల్ ఉండొచ్చన్నాను. "గంతేనా! చాయ్ గ్లాస్ గూడ నిండదు గదా!" అని నవ్వాడు. ఆటోకని జేబులో డబ్బు పెట్టబోతే నా చెయ్యి పట్టేసుకున్నాడు. "మాకు బస్సు ఫ్రీయే సార్."

ఆ మెట్ల మీదే ఏడ్చేశాను. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు, వెనకాల రైట్ రైట్ అని అరుపులు. "ఎక్కిందా సార్?"

ఒక్క మాట మాత్రం ఆపుకోలేను. దాతని మేమే తెచ్చుకున్నా, తీసుకున్న రక్తానికి బదులు ఇవ్వడానికి, రీప్లేస్‌మెంట్‌కని ఇంకొకర్ని తెమ్మన్నారు. రేడియేషన్ మిషన్ అక్కడ లేదట, రక్తం సంచి పట్టుకుని ఊరి ఆ చివరికి మేమే పరుగెత్తాలి! ఇన్సూరెన్స్ వాళ్లయితే పుట్టని బిడ్డ పేషెంటు కాదన్నారు.

అత్తయ్య, అన్నయ్య, వదిన... మనవాళ్లే, థాంక్స్ చెప్తే తిడతారు. ఈ వైరస్‌కి తరచూ ఒక్కసారి ఎక్కిస్తే చాలని, ఈలోగా మజ్జ మళ్లీ పని మొదలెడుతుందని ధైర్యం చెప్పిన డాక్టరమ్మకి దణ్ణాలు.

అయ్యో, ఐస్ పెట్టె ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చున్న కింది పోర్షన్ కుర్రాణ్ణి మర్చిపోయా. పెద్దోడికి అన్నం పెట్టిన ఎదురింటి ఆంటీని కూడా. అర్ధరాత్రి రక్తం కుదురుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ చేసిన ల్యాబ్ అమ్మాయి పేరైనా అడగలేదు.

వచ్చే వారం మళ్లీ డాప్లర్, అదే రక్తం వేగం చూసే స్కాన్. ఫోన్ ఎత్తకపోతే ఏమీ అనుకోకండి.