రోడ్డుకు పేరు పెట్టే ముందు ఆ రోడ్డువాళ్ళను అడగరా?

సంపాదకుల గారికి,

నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ పక్కనుంచి పోయే రోడ్డుకు డొనాల్డ్ ట్రంప్ పేరు పెట్టాలని తెలంగాణ ప్రభుత్వం పెట్టుబడుల సదస్సుకు ముందు చేసిన ప్రతిపాదన గురించి 2025 డిసెంబరు మొదట్లో మీ పత్రికలో చదివాను. ఎవరో పెద్దవాళ్ళు రాస్తారులే అని ఇన్ని రోజులు ఆగాను. వచ్చిన స్పందనలన్నీ చూశాను. అంతగా పేరు మార్చాలనుంటే ముందు హైదరాబాద్ పేరే మార్చమన్నవాళ్ళున్నారు, పెట్టుబడులు రావాలంటే ఇలాంటివి తప్పవన్నవాళ్ళున్నారు. ఆ రోడ్డు మీద కాపురముండేవాళ్ళను, కొట్టు నడుపుకునేవాళ్ళను ఒక్క మాటైనా అడిగారా అని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక వీధికి పేరు మారిస్తే ఏమవుతుందో మాకు తెలిసినంతగా సెక్రటేరియట్‌లో కూర్చున్నవాళ్ళకు తెలియదు. ఏళ్ళ తరబడి రెండు పేర్లతోనూ ఉత్తరాలొస్తాయి. బీటుకు కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్‌కు పాత పేరు తెలియదు, వీధిలో ముసలివాళ్ళకు కొత్త పేరు నోరు తిరగదు. 1972లో పిన్‌కోడ్ వచ్చాక సగం బాధ తీరింది. కానీ పిన్‌కోడ్ ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకానే చేరుస్తుంది. అక్కణ్ణుంచి గుమ్మం దాకా చేర్చాల్సింది వీధి పేరే. మన నగరంలో ఇంటి నంబర్ల సంగతి అందరికీ తెలిసిందే. బై నంబరు మీద బై నంబరు, దాని పక్కన ఏ, బీ, సీ. ఇవాళ పార్సిల్ తెచ్చే కుర్రాడు కూడా చిరునామా చదవడం మానేసి, ‘లొకేషన్ పెట్టండి సార్’ అంటున్నాడంటే తప్పు ఆ కుర్రాడిది కాదు.

విదేశీయుడి పేరు కాబట్టి వద్దంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆల్బర్ట్ ఆబిద్ మనవాడా? ఆరో నిజాం కొలువులో పనిచేసి, అక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పోయింది, ఆబిడ్స్ మిగిలింది. ఫ్రెంచి సేనాని రేమాండ్‌ను జనం మూసా రాం అని పిలుచుకున్నారు, మూసారాంబాగ్ అయింది. ఆయన ఫిరంగులు పోతపోయించిన చోటు గన్‌ఫౌండ్రీ. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో మలేరియాకు దోమే కారణమని కనిపెట్టింది సికింద్రాబాద్‌లో. బేగంపేటలో ఆయన పేరుతో సంస్థ ఉండటం మనకు గర్వకారణం. వీళ్ళంతా ఇక్కడి మట్టి మీద ఏదో ఒక పని చేసినవాళ్ళు. ఎవరి పేరూ పెట్టుబడుల సదస్సు ముందు ప్రకటించింది కాదు.

ట్రంప్ నానక్‌రామ్‌గూడకు ఏం చేశారు? 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచారు. కోస్తా రొయ్యల రైతును అడిగితే దాని దెబ్బ ఏమిటో చెబుతాడు. ఆ సెప్టెంబరులోనే కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఒక్కసారి ఉదయం పూట ఆ కాన్సులేట్ ముందుకు వెళ్ళి చూడండి. సర్టిఫికెట్ల ఫైలు ఛాతీకి హత్తుకుని పిల్లలు లోపలికి వెళతారు. వాళ్ళ ఫోన్లు, బ్యాగులు, సగం తాగిన నీళ్ళసీసా పట్టుకుని తల్లిదండ్రులు బయట నీడ కోసం వెతుక్కుంటారు. కరీంనగర్ నుంచి, గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్ళు. వాళ్ళు కూర్చోవడానికి నాలుగు బెంచీలు, మంచినీళ్ళు, ఒక మరుగుదొడ్డి కావాలి. వాళ్ళ తలమీద ట్రంప్ పేరు రాసిన బోర్డు పెట్టడం నాకైతే అవమానంగానే కనిపిస్తోంది.

కలకత్తాలో ఇదే పని రెండో వైపు నుంచి చేశారు. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా కాన్సులేట్ ఉన్న హారింగ్టన్ స్ట్రీట్‌ను హో చి మిన్ సరణి చేశారు. అక్కడ కోపంతో మార్చారు, ఇక్కడ మెప్పు కోసం మారుస్తున్నారు. ఆ వీధి జనం ఊసు అక్కడా లేదు, ఇక్కడా లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ప్రభుత్వాలు ఊరి వీధుల్ని పంచిపెడుతున్నాయి.

అదే ప్రకటనలో గూగుల్, మైక్రోసాఫ్ట్, విప్రో పేర్లు కూడా రోడ్లకు, కూడళ్ళకు పెడతామన్నారు. జనం తమంతట తాము గుర్తు కోసం పిలుచుకుంటే అది వేరు. ప్యారడైజ్ అలా వచ్చిందే, ఐకియా జంక్షన్ అలా వచ్చిందే. రేపు జనమే ఇంకో పేరుతో పిలుచుకుంటారు, ఎవరికీ నష్టం లేదు. ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చి, ప్రజల డబ్బుతో వేసిన రోడ్డుకు లాభాల కోసం నడిచే కంపెనీ పేరు తగిలించడాన్ని నేను ఒప్పుకోలేను. రతన్ టాటా పేరు రావిర్యాల వైపు రోడ్డుకు పెడతామన్నారు. చనిపోయిన పెద్దమనిషి, గౌరవించాల్సిందే. దానికైనా ఒక పద్ధతి ఉండొద్దా?

పద్ధతి లేకపోతే పేరు నిలవదు. 2021లో నెక్లెస్ రోడ్డును పీవీ నరసింహారావు మార్గ్ చేశారు. ఆ మహానుభావుడి పేరు ఎక్కడ పెట్టినా తక్కువే. కానీ ఆటో ఎక్కి పీవీ మార్గ్ అనండి, మెహదీపట్నం ఎక్స్‌ప్రెస్‌వే మీద దింపుతాడు, అదీ ఆయన పేరే కాబట్టి. సంజీవరెడ్డి నగర్ ఎస్సార్ నగర్ అయింది, లాల్ బహదూర్ నగర్ ఎల్బీ నగర్ అయింది. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు ఏఎస్ రావు నగర్‌లో రెండక్షరాలయ్యారు. అక్కడ చదువుకునే పిల్లల్ని ఆయనెవరని అడగండి. మాసబ్‌ట్యాంక్‌లో మా సాహెబా అని పిలిపించుకున్న గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం ఉంది. ఆమె పేరున్న చెరువు పోయింది, అక్కడ చెరువు ఉండేదని చెప్పడానికి ఆ పేరొక్కటే సాక్ష్యం. దాన్నీ ఎవరో ఒకరు ఏదో ఒక సదస్సుకు ముందు మార్చేస్తారేమోనని నా భయం.

బోర్డుల సంగతి చెప్పకుండా ఉండలేను. మా వీధి మొదట్లో ఉన్న బోర్డు మీద వీధి పేరు అరచేయంత. దాని కింద ‘సౌజన్యం’ అని నాయకుల పేర్లు మూరెడు, ఫొటోలు అదనం. పేరులో ఒత్తు తప్పు. ఇంగ్లీషులో ఒకలా, తెలుగులో ఒకలా. దాని మీద హాస్టల్ కాగితం, ఆ కాగితం మీద బోర్‌వెల్ కాగితం. సరిచేయమని అర్జీ పెడితే అది మా పరిధి కాదని ఒక ఆఫీసు, మాదీ కాదని ఇంకో ఆఫీసు. ఉన్న పేరును తప్పులేకుండా రాయించలేనివాళ్ళు కొత్త పేర్లు ప్రకటించడానికి మాత్రం ముందుంటారు.

యూనివర్సిటీల విషయంలోనూ ఇదే తంతు. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో ఎన్టీఆర్ పేరు పోగొట్టుకుంది, 2024లో తిరిగి తెచ్చుకుంది. మధ్యలో ఆ రెండేళ్ళు పట్టా అందుకున్న డాక్టర్ల సర్టిఫికెట్ల గురించి ఎవరైనా ఆలోచించారా? ఇక్కడ తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టి నడిపిన ఆయన అంతకు మించిన గౌరవానికి అర్హులు. ఇంకొకరి పేరు తీసి ఆయన పేరు పెట్టాల్సి రావడమే బాధ.

2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీలో కలిపి 150 డివిజన్లను 300 చేశారు. ముసాయిదా వేశారు, అభ్యంతరాలకు గడువిచ్చారు, జనం వేలల్లో రాసుకున్నారు. డివిజన్ పేరు మీద, హద్దు మీద అడిగినప్పుడు వీధి పేరు మీద ఎందుకు అడగకూడదు? ప్రతిపాదించిన పేరు, ఆ మనిషి ఆ ప్రాంతానికి చేసిన పని, మారితే పాత పేరు ఏమవుతుందన్న వివరం పత్రికల్లో వేయండి. నెల గడువివ్వండి. కౌన్సిల్‌లో చర్చించి తీర్మానం చేయండి. ఉన్న పేరు ముట్టుకోకండి, కొత్తగా వేసే రోడ్లు చాలానే ఉన్నాయి. బోర్డు మీద పూర్తి పేరు, కింద ఆయనెవరో రెండు వాక్యాలు రాయండి. ‘సౌజన్యం’ తీసేయండి.

కొత్త రోడ్లకు పేర్లు దొరకడం లేదంటే ఒకటి నేనే ఇస్తాను. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో, రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుంటే కాచిగూడ ప్రాంతంలో కాల్చి, రాసిన చెయ్యి నరికారు. నానక్‌రామ్‌గూడ రోడ్డుకు పేరు కావాలంటే ఆయన పేరుతో పాటు అక్కడివాళ్ళు చెప్పే పేర్లు కూడా ముసాయిదాలో చేర్చి, ఆ రోడ్డువాళ్ళనే తేల్చమనండి. ఈ మాట కమిషనర్ గారికి కూడా విడిగా రాశాను.

ఇట్లు,
రిటైర్డ్ తపాలా ఉద్యోగి,
తార్నాక, హైదరాబాద్