కాజా సంగతి

పెర్త్,
ఆదివారం రాత్రి.

అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆఫీసులో మామూలే, రాయడానికేమీ లేదు.

మొన్న మాట పూర్తికాకుండానే ఫోను పెట్టేశావు. కుక్క తిరిగే ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టనన్నావు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, మన పెరటి రేకులు ఎగిరిపోతుంటే, వీధిలో వణుకుతున్న నల్లకుక్కను లోపలికి రానిచ్చి గోనెసంచి పరిచింది ఎవరమ్మా? నేనా?

కాజాకు పది నెలలు. కెల్పీ జాతి, గొర్రెలను తోలే కుక్క. ఇక్కడ గొర్రెలు లేవు కనుక కనబడిన కుక్కనల్లా తోలుతుంది. పొద్దున కాటెస్లో బీచ్ దక్షిణపు కొసకు తీసుకెళ్ళాను. అక్కడ కుక్కలను విప్పి వదలవచ్చు. తాడు తీశానో లేదో, ఇసుక చిమ్ముకుంటూ పోయి, తనకు మూడింతలున్న కుక్క ఎదుట ముంగాళ్ళు నేలకు వాల్చి, నడుము పైకెత్తి తోక ఊపింది. ఆటకు రమ్మని పిలుపు. ఇక ఒకటే పరుగు, అయిదు కుక్కలు! అల వెనక్కి పోతే దాన్ని తరమడం, అదే అల తిరిగి వస్తే నా కాళ్ళ వెనక దాక్కోవడం. ఒక ముసలి లాబ్రడార్ వస్తుంది, దానికి పరుగు లేదు. అది దగ్గరికి రాగానే మనవాడు తానే వెల్లకిలా పడిపోతాడు. చిన్నప్పుడు నాతో కుస్తీలో నాన్నగారు ఓడిపోయినట్టే.

దాన్ని కూర్చోమనడానికి ఒడియాలో 'బొసొ' అంటాను, రమ్మనడానికి 'ఆ' అంటాను. తిట్లు మాత్రం తెలుగులోనే. బరంపురంలో మనం పెరిగిన పద్ధతి అదే కదా.

ఒకసారి ఉప్పునీళ్ళు తాగి కారంతా వాంతి చేసుకుంది. భయపడ్డాను. ఇప్పుడు సీసాతో మంచినీళ్ళు తీసుకెళ్తున్నాను. కరుస్తుందని నువ్వు బెంగపడకు, ఈ దేశంలో కుక్కలకు రేబిస్ లేదు. టీకాలన్నీ వేయించాను.

సముద్రం ఒడ్డున కుక్కలంటే నీకు రుషికుల్య ఏటి మొగలో కుక్కలు తినే తాబేలు పిల్లలే గుర్తొస్తాయి, తెలుసు. పురుణబంధలో బాబాయి వెంట కర్ర పట్టుకుని ఆ కుక్కలను అదిలించినవాణ్ణి నేనే. అవి ఆకలితో వచ్చేవి. దీనికి రెండు పూటలా తిండి ఉంది. నాకే ఒక్కోసారి వండుకోవడానికి బద్ధకం, దాని వంకతో నేనూ వేళకు తింటున్నాను.

ఇక్కడ పొద్దు సముద్రంలో పుట్టదు, కుంకుతుంది. మూడేళ్ళయినా నాకు ఇది తిరగేసినట్టే ఉంటుంది.

బీచ్‌లో నా పేరు ఎవరికీ తెలియదు, అందరూ 'కాజా వాళ్ళ నాన్న' అంటారు. నవ్వకు. పోయిన ఆదివారం జ్వరం వచ్చి వెళ్ళకపోతే, ఆ లాబ్రడార్ పెద్దావిడ ఈ రోజు నన్ను ఆపి ఎందుకు రాలేదని అడిగింది. ఆఫీసులో ఎవరూ అడగలేదు. జ్వరం తగ్గిపోయిందిలే.

పెళ్ళి సంగతి మళ్ళీ రాస్తాను. పిన్ని కొడుకు వచ్చేటప్పుడు అప్పడాలు పంపు, మిరియాలవి.

నువ్వు అసలు అడగాలనుకున్నది, కుక్క ఉంటే ఇక ఇంటికి రాడేమోనని. మన ఊళ్ళో ఠాకురాణి అమ్మవారి యాత్రకు వస్తాను. నెల రోజులూ కాజాను ఆ పెద్దావిడ ఉంచుకుంటానంది. నాన్నగారికి ఇప్పుడే చెప్పకు, సెలవు ఇంకా అడగలేదు.

నీ
చిన్నోడు