పసుపు రాయడం మర్చిపోలేదు గానీ

సంపాదకుల వారికి,

ఈ మధ్య ఫోన్‌కి వచ్చే శుభలేఖలు గమనించారా? పీడీఎఫ్‌కి కూడా నాలుగు మూలలా పసుపు ఉంటోంది. చేత్తో అంటించింది కాదు, డిజైన్ చేసిన కుర్రాడు వేసిన రంగు, అయినా అది లేకపోతే మా ఇంట్లో పెద్దవాళ్ళు "ఇదేం శుభలేఖే, వట్టి కాగితంలా ఉంది" అంటారు (కాగితమే కాదని వాళ్ళకీ తెలుసు).

చావు కబురుకీ అంతే. కార్డు వస్తే చదివి గుమ్మం బయటే చింపేసేవాళ్ళు, ఇంట్లో ఉంచేవాళ్ళు కాదు. ఇప్పుడు పెద్దకర్మ మెసేజ్ వస్తే మా అత్తగారు తేదీ ఒకటికి రెండుసార్లు పైకి చదువుకుని, వెంటనే డిలీట్ చేయమని ఫోన్ నా చేతికిస్తారు. ఇదివరకు నవ్వొచ్చేది, ఇప్పుడు రావట్లేదు.

ఎందుకంటే అసలైన పద్ధతిని మాత్రం మనం ఫోన్‌లోకి తెచ్చుకోలేదు. బాగా దగ్గరివాళ్ళకి మనిషిని పంపేవాళ్ళు. వచ్చినాయన "ఒంట్లో బాగాలేదట, ఓసారి చూసొద్దాం పదండి" అని బస్సెక్కించి, ఊరి పొలిమేర దాకా నోరు విప్పేవాడు కాదు. దూరమైతే టెలిగ్రామ్, అందులోనూ "సీరియస్, వెంటనే బయల్దేరు" అనే, మనిషి పోయాక కూడా. 2013 జులైలో ఆ టెలిగ్రామే ఆగిపోయింది. అబద్ధమే, కాదనను, కానీ దారి పొడవునా మనసు మెల్లగా సిద్ధపడే అబద్ధం.

పోయినేడాది మా అమ్మ తన సొంత అన్నయ్య పోయిన సంగతి ఫ్యామిలీ గ్రూపులో చూసింది. పొద్దున్నే, ఇంట్లో ఒక్కతే ఉంది, గుడ్ మార్నింగ్ గులాబీలకీ ఎవరిదో బర్త్‌డే కేకుకీ మధ్యలో దండ వేసిన ఫొటో. కింద అప్పటికే పదిహేను దణ్ణాలు, ఓం శాంతులు. పెట్టినవాణ్ణి తిట్టలేను, అంత హడావిడిలో అందరికీ ఒకేసారి తెలుస్తుందనుకున్నాడు, వాడి బాధ వాడిది. కానీ ముందు నాకొక ఫోన్ కొట్టి ఉంటే రెండు వీధులు దాటి వెళ్ళి అమ్మ పక్కన కూర్చునేదాన్ని.

చదివేవాళ్ళని అడిగేది ఒక్కటే. తోబుట్టువులకి, పిల్లలకి ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాక, కనీసం ఫోన్ చేశాక, అప్పుడు గ్రూపులో పెట్టండి. అరగంట ఆలస్యమైతే ఏమీ కాదు.

అమ్మ ఆ గ్రూపుని మ్యూట్‌లో పెట్టేసింది. ఇప్పుడు పసుపు రాసిన పీడీఎఫ్‌లు కూడా నేనే తీసి చూపిస్తున్నాను.

ఒక పాఠకురాలు,
తెనాలి