ఆ తుపాకీ ఖరీదు కూడా రాయవలసింది

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో ఈ-స్పోర్ట్స్ (పోటీలుగా ఆడే వీడియో గేములు) గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించి, డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చిన తరువాత, ఈ ఆటల లోపలి సంగతులను తెలుగులో రాసేవారు ఉండాలని నాబోటి వాళ్లం ఎదురుచూస్తున్నాం. ఆ పని మీరు మొదలుపెట్టినందుకు సంతోషం. అయితే కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట గురించిన భాగంలో, దూరం నుంచి గురి చూసి కాల్చే స్నైపర్ తుపాకీ పట్టిన ఆటగాడు ఒక మూలన నక్కి ఎదుటివాడు కనబడగానే మీట నొక్కుతాడనీ, అది పెద్ద నేర్పు అక్కరలేని పాత్ర అనీ అర్థం వచ్చేలా ఒక పేరా ఉంది. వ్యాసకర్త ఆ తుపాకీ బలాన్ని చెప్పారు గానీ దాని ఖరీదునూ, దాని నిదానాన్నీ చెప్పలేదు. ఆ రెండూ వదిలేస్తే ఎవరికైనా అది మూలన నక్కే ఆటలాగానే కనబడుతుంది.

వ్యాసకర్తను తప్పుపట్టే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. 2004 నుంచి ఏడేళ్ల పాటు నేను హనుమకొండలో పది కంప్యూటర్లతో ఒక ఇంటర్నెట్ సెంటర్ నడిపాను. గంటకు పదిహేను రూపాయలు. సాయంత్రం అయితే చాలు, ఇంజనీరింగ్ విద్యార్థులు అయిదుగురూ అయిదుగురూ జట్లు కట్టి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవారు. ఏడబ్ల్యూపీ అనే ఆ స్నైపర్ తుపాకీని అందరూ ‘ఆప్’ అనేవారు. ఒకడు ఆప్ కొన్నాడంటే మిగతావాళ్లు కుర్చీలు వెనక్కి నెట్టి గొడవకు దిగేవారు. ఆ గొడవ భరించలేక ‘ఇక్కడ ఆప్ కొనరాదు, కొన్నవారి సిస్టమ్ ఆపివేయబడును’ అని స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించాను. సెంటరులో శాంతి నెలకొంది, కాదనను. కానీ ఆప్‌తో గెలిచే కుర్రాడే ఆప్ లేకుండానూ గెలవడం ఆ తరువాత నెలలోనే కనిపించింది. దాని అర్థం అప్పట్లో నాకు తట్టలేదు. చాలా ఏళ్ల తరువాత, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఈ ఆట ఆడే మా మేనల్లుడి పక్కన కూర్చుని గమనించినప్పుడు గానీ తెలిసిరాలేదు.

ముందు డబ్బు సంగతి. ఈ ఆటలో టెర్రరిస్టుల పక్షం బాంబు పెట్టాలని చూస్తుంది, రెండో పక్షం అడ్డుకుంటుంది; ఇలాంటి రౌండ్లు అనేకం కలిస్తే ఒక మ్యాచ్. ప్రతి రౌండుకు ముందు ఆటలోని ఉత్తుత్తి డబ్బుతో తుపాకీ కొనుక్కోవాలి. మొదటి రౌండులో ఒక్కొక్కరి చేతిలో ఉండేది 800 డాలర్లు. టెర్రరిస్టుల పక్షం వాడే ఏకే-47 ఖరీదు 2,700 అయితే ఏడబ్ల్యూపీ ఖరీదు 4,750. కవచమూ హెల్మెట్టూ కలిపి మరో 1,000. ఏకేతో ఒకరిని కొడితే 300 డాలర్లు వస్తాయి కాబట్టి తొమ్మిది మందిని కొడితే దాని ఖరీదు దానికి వచ్చేస్తుంది. ఏడబ్ల్యూపీతో కొడితే వచ్చేది 100 మాత్రమే. పెట్టిన సొమ్ము రాబట్టాలంటే 48 మందిని కొట్టాలి, మ్యాచ్ మొత్తంలో అంతమందిని కొట్టడమే అరుదు. వరసగా ఓడుతున్న జట్టుకు ఊరట కింద ఇచ్చే మొత్తం 1,400తో మొదలై గరిష్ఠంగా 3,400 దగ్గర ఆగిపోతుంది, దానితో ఈ తుపాకీ రాదు. పైగా స్నైపర్ చచ్చిపోతే అతని తుపాకీ నేల మీద పడి ఉంటుంది, ఎదుటి పక్షం వాడు పైసా ఖర్చు లేకుండా ఎత్తుకుపోతాడు.

ఈ లెక్క తెలియనివారికి స్నైపర్ ప్రవర్తన పిరికితనంగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. ముగ్గురు సహచరులు పడిపోయాక, బాంబు పెట్టేసిన చోటికి వెళ్లకుండా స్నైపర్ వెనక్కి తగ్గి ఎక్కడో దూరాన దాక్కుంటాడు. చూసేవారు ఛీ అంటారు. బతికి ఉంటే ఆ తుపాకీ తరువాతి రౌండుకూ చేతిలో ఉంటుంది కాబట్టి, అతను చేస్తున్నది కరువులో కూడా విత్తనపు వడ్లు తినకుండా దాచుకునే రైతు చేసే పనే. బాంబు పెట్టవలసిన పక్షంలో ఈ నిర్ణయం ఇంకా కష్టం: రౌండు సమయం 1 నిమిషం 55 సెకన్లు ముగిసేలోగా బాంబు పెట్టకపోతే, బతికి మిగిలిన ఆటగాడికి ఆ రౌండుకు ఊరట డబ్బు కూడా రాదు. అది వదులుకుని తుపాకీని కాపాడుకోవాలా, ఒక్కడే అయినా లోపలికి దూకాలా అనేది నాలుగైదు సెకన్లలో తేల్చుకోవాలి.

ఇక నిదానం. చేతిలో కత్తి పట్టుకుని పరిగెత్తే ఆటగాడి వేగం ఆట కొలతల్లో సెకనుకు 250 యూనిట్లు, ఏకేతో 215, ఏడబ్ల్యూపీతో 200. స్కోప్‌లో (తుపాకీ మీది దుర్భిణిలో) కన్ను పెట్టగానే అది 100కు పడిపోతుంది. స్కోప్ లేకుండా కాలిస్తే గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి, ఈ తుపాకీకి తెర మీద గురి గుర్తు కూడా ఉండదు. ఒక గుండు కాల్చాక మరో గుండు కాల్చడానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఎదుటి జట్టు ఆట అంతా ఆ ఒకటిన్నర సెకను చుట్టూ తిరుగుతుంది. గోడ చాటు నుంచి భుజం మాత్రం చూపించి వెంటనే లాక్కుంటారు; స్నైపర్ ఆశపడి కాల్చాడా, గుండు గాలిలో పోతుంది, ఆ వ్యవధిలో ఇద్దరు దాటిపోతారు లేదా మీద పడతారు. కబడ్డీలో కూతకు వచ్చినవాడు కాలు చాపి ఊరించినప్పుడు మూలన నిలబడ్డవాడు తొందరపడి మడమ పట్టబోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అందుకే మంచి స్నైపర్ కాల్చిన గుండ్ల కన్నా కాల్చకుండా ఆపుకున్న గుండ్లను చూడాలని మా మేనల్లుడు అంటాడు. కాల్చాక ఏం చేస్తాడో కూడా చూడాలి. గుండు వదలగానే కత్తికి మార్చి, స్కోప్ నుంచి బయటపడి, పక్కకు రెండడుగులు జరిగి మళ్లీ తుపాకీ తీస్తాడు. తుపాకీ త్వరగా పేలాలని చేసే పని కాదది. తానున్న చోటు ఎదుటివాడికి తెలిసిపోయింది కాబట్టి అక్కడ ఉండకూడదని చేస్తాడు.

మూలన నక్కడం అని వ్యాసకర్త అన్న పనిని కాస్త దగ్గరగా చూద్దాం. ఆటగాళ్లు దీన్ని యాంగిల్ పట్టడం అంటారు. ఒక గోడ అంచు మీద గురి పెట్టి, అక్కడి నుంచి వచ్చేవాడి కోసం ఎదురుచూడటం. కొత్తవాడు గురిని సరిగ్గా గోడ అంచుకు ఆనించి పెడతాడు. కంటికి కనబడి వేలు కదలడానికి మనిషికి సెకనులో అయిదోవంతు పడుతుందనుకుంటే, ఏకేతో పరిగెత్తేవాడు ఆలోగా 43 యూనిట్లు కదులుతాడు; ఆటలో మనిషి వెడల్పు 32 యూనిట్లే. అంటే వేలు మీట నొక్కేసరికి ఆ మనిషి గురిని పూర్తిగా దాటిపోయి ఉంటాడు. అందుకని అనుభవమున్నవాడు అంచుకు కొంచెం ఎడంగా, ఎదుటివాడు రాబోయే ఖాళీలో గురి ఉంచుతాడు. ఎంత ఎడంగా ఉంచాలన్నది వచ్చేవాడు పరిగెత్తుకొస్తాడా, నక్కి నక్కి వస్తాడా అన్న అంచనాను బట్టి ఉంటుంది. ఆ అంచనా అంతకు ముందు రౌండ్లలో అతను ఎలా వచ్చాడో గుర్తుంచుకోవడం నుంచి వస్తుంది. తాను ఎక్కడ నిలబడాలన్నదీ లెక్కే: గోడ మూలకు ఎవరు దూరంగా ఉంటే వారికి ఎదుటివాడి భుజం ముందు కనబడుతుంది. మూలకు ఆనుకుని నిలబడ్డ స్నైపర్ తన భుజం ముందు చూపించి చస్తాడు.

దీనికి తోడు నెట్‌వర్క్ ఆలస్యం ఒకటి. మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎక్కువగా చెన్నై, ముంబయి సర్వర్ల మీద ఆడతారు. కదిలి వచ్చేవాడి తెర మీద ఎదుటివాడు కనబడిన కొంతసేపటికి గానీ కదలకుండా ఉన్నవాడి తెర మీద ఆ వచ్చేవాడు కనబడడు. ఇది ఏ రెండు కంప్యూటర్ల మధ్యనైనా ఉండేదే. కాబట్టి నిలబడి కాచుకోవడం చూసినంత సుఖం కాదు. చాలామంది మేటి స్నైపర్లు అందుకే తామే ముందుకు అడుగువేసి, ఒక్క గుండు కాల్చి, గోడ చాటుకు వచ్చేస్తారు.

ఇన్ని చెప్పాక 300 డాలర్ల పొగ గ్రెనేడ్ గురించి చెప్పకపోతే అన్యాయం. 4,750 డాలర్ల తుపాకీ ముందు ఒక్క పొగ పడితే ఆ దారి మూసుకుపోయినట్టే. 200 డాలర్ల ఫ్లాష్ గ్రెనేడ్ సరిగ్గా పేలితే స్కోప్‌లో కన్ను పెట్టినవాడికి తెర అంతా తెల్లబడిపోతుంది. ఈ చవక సరుకును సహచరులు సమయానికి విసరకపోతే స్నైపర్ ఎంత మొనగాడైనా ఉపయోగం లేదు.

తుపాకీ అన్యాయమైనదని ఆట తయారుచేసిన వాల్వ్ సంస్థ కూడా అప్పుడప్పుడు అనుకున్నట్టే ఉంది. స్కోప్‌లో ఉండగా నడిచే వేగాన్ని 2015 మార్చి చివర తగ్గించింది. పరుగుల మీద వేటాడే ఫ్రాన్స్ ఆటగాడు కెన్నీ ష్రబ్‌ లాంటివారి ఆట దీనితో అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అదే ఏడాది నవంబరులో రుమేనియాలో జరిగిన, ఈ ఆట అతిపెద్ద పోటీల్లో ఒకటైన క్లుజ్-నపోకా మేజర్‌ను అతని జట్టు ఎన్వీయస్ గెలిచింది. 2022 నవంబరులో మ్యాగజైనులో గుండ్లను పది నుంచి అయిదుకు కుదించారు. నా ఉద్దేశంలో ఇది మంచి మార్పు. పొగలోకీ చెక్క గోడల్లోకీ గుడ్డిగా కాల్చడం అంతకు ముందు ఖర్చులేని పని. ఇప్పుడు ప్రతి గుండుకూ ఆలోచించాలి, మళ్లీ నింపుకోవడానికి మూడున్నర సెకన్లకు పైగా పడుతుంది. ఆట జరిగే స్థలాల్లో ఒకటైన డస్ట్ 2 మైదానంలో టెర్రరిస్టులు మొదలయ్యే చోటి నుంచే మధ్య తలుపుల సందులోకి గురి చూసే వీలును కూడా 2022లోనే మూసేశారు. ఆ సందు గుర్తుందా అని అడిగితే, మా సెంటరుకు వచ్చిన కుర్రాళ్లలో ఇప్పుడు నలభయ్యో పడిలో పడ్డవాళ్లు కూడా నవ్వుతారు. రౌండు మొదలై పది సెకన్లు కాకముందే, తలుపుల మధ్య బెత్తెడు వెలుగులో ఒక నీడ దాటేది, ఒకడు ‘అబ్బా’ అనేవాడు.

ఆప్ అంటే గాలిలో ఎగిరి కొట్టే గుండ్లే అనుకునే అభిమానులూ ఉన్నారు, వారిదీ ఇంకో రకం పొరపాటు. 2016లో కొలోన్ పోటీలో ఉక్రెయిన్ ఆటగాడు ఒలెక్సాండర్ కోస్టిలియెవ్, ఆటపేరు సింపుల్, కాష్ మైదానంలో పై అంతస్తు నుంచి కిందికి దూకి స్కోప్ లేకుండా ఇద్దరిని కొట్టాడు. దాని గుర్తుగా ఆ మైదానం గోడ మీద బొమ్మ కూడా వేశారు. చూడముచ్చటగా ఉంటుంది, నేనూ పదిసార్లు చూశాను. కానీ అతను పెద్ద ఆటగాడు అయినది దాని వల్ల కాదు. అతని అప్పటి జట్టు నావి 2021లో స్టాక్‌హోమ్ మేజర్‌ను ఒక్క మైదానంలోనూ ఓడకుండా గెలిచింది. అక్కడ అతని ఆటలో నాకు ఎక్కువగా కనబడింది సరైన సమయానికి సరైన చోట ఉండటం, వద్దనుకున్నప్పుడు తగ్గడం. ఫ్రాన్స్‌కే చెందిన మరో ఆటగాడు మాథ్యూ హెర్బో, ఆటపేరు జైవూ, డబ్బు చాలనప్పుడు ఏకే పట్టుకుని కూడా అంతే బాగా ఆడతాడు. మా సెంటరులో ఆప్ లేకుండా గెలిచిన ఆ కుర్రాడి సంగతి నాకు ఇప్పుడు అర్థమైంది. వాడి బలం తుపాకీలో ఉందని నేను అనుకున్నాను, అందుకే గోడకు కాగితం అంటించాను.

వ్యాసంలో మరొక చిన్న పొరపాటు ఉంది, దాన్ని మాత్రం సవరణగా ప్రచురించగలరని మనవి. ఏడబ్ల్యూపీ గుండు ఒంటి మీద ఎక్కడ తగిలినా ఎదుటివాడు చస్తాడని రాశారు. ఛాతీకి, పొట్టకు, చేతులకు తగిలితే నిజమే, కవచం ఉన్నా ఆగదు. కాళ్లకు తగిలితే మాత్రం 100లో దాదాపు 85 ప్రాణం పోతుంది, మనిషి మిగులుతాడు. మిగిలిన ఆ పదిహేనుతో పరిగెత్తుకొచ్చి, మళ్లీ గుండు ఎక్కించుకుంటున్న స్నైపర్‌ను కొట్టినవాళ్లను మా సెంటరులోనే ఎందరినో చూశాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ